మొలక శాతం ఎంత?

బుక్కరాయసముద్రం మండలంలో శెనక్కాయ విత్తనం కొనే రైతుకంటే అనుమానపు మనిషి ఇంకొకరు ఉండరు. మూట విప్పి పిడికెడు కాయలు తీస్తాడు. ఒలుస్తాడు, గింజ కొరికి చూస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, నాలుగు రోజులాగి ఎన్ని మొలిచాయో చూస్తాడు. 1966 నాటి విత్తన చట్టం కూడా ఆయన పక్షమే. ధ్రువీకరించిన వేరుశనగైతే నూటికి 70 గింజలైనా మొలవాలి, ఆ సంగతి సంచికి కట్టిన చీటీలో ఉండాలి. వానను ఎటూ నమ్మలేం, విత్తనం దగ్గరైనా మోసపోకూడదని ఆయన పంతం.

ఇంతటి పరిశోధకుడి కొడుకు పదో తరగతి పాసవుతాడు. ఇంటి ముందు కోచింగ్ కాలేజీ పీఆర్వో బండి ఆగుతుంది. రైతు అడిగేది ఒక్కటే ప్రశ్న.

"మావోనికి ఐఐటీలో సీటు వస్తాదా సార్?"

"ఎందుకు రాదన్నా? గ్యారంటీ."

అంతే! గింజ కొరికేది లేదు, గోనెపట్టా లేదు. ఆ ఏడు శెనక్కాయ డబ్బంతా అడ్వాన్సు కింద పోతుంది.

ఫలితాల మర్నాటి పేపరు చూడండి. మొదటి పేజీ నిండా పిల్లల ముఖాలు, ముఖాల కింద ర్యాంకులు. మొలిచినవన్నీ వరసగా నిలబెట్టారు, సంతోషం. ఎన్ని విత్తితే ఇవి మొలిచాయి? ఆ అంకెకు మాత్రం అంత పెద్ద పేజీలో జానెడు చోటు దొరకలేదు పాపం. స్టార్ బ్యాచ్‌లో కూర్చున్న కొద్దిమంది ర్యాంకులు తెస్తారు. మిగతా సెక్షన్ల నిండా ఉన్నవాళ్లు ఫీజులు తెస్తారు. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు, తప్పేముంది?

ఇక జేఈఈ మెయిన్ ఫలితం వచ్చిన రోజు ఇల్లు చూడాలి. పిల్లోడికి 90 పర్సెంటైల్. నూటికి తొంభై అనుకుని నాయన వీధంతా మైసూర్‌పాకు పంచుతాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మేనమామ ఫోన్లోనే బ్రాంచి కూడా ఖాయం చేస్తాడు. 2025లో ఆ పరీక్ష రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. 90 పర్సెంటైల్ అంటే పిల్లోడి ముందు ఇంకా దాదాపు లక్షా నలభై వేలమంది నిలబడి ఉన్నారని. ఐఐటీలన్నీ కలిపినా సీట్లు 18 వేల చిల్లర. ఓపెన్ కేటగిరీలో ఐఐటీ సీట్లకు పెట్టే అడ్వాన్స్‌డ్ రాయడానికే ఆ ఏడు 93 దాటాల్సి వచ్చింది. ఈ లెక్క పీఆర్వోకి తెలుసు. మైసూర్‌పాకు తిన్నంతసేపు చెప్పడు, మర్యాద కాదుగదా. తిన్నాక లాంగ్ టర్మ్ కోచింగ్ కాగితం తీస్తాడు.

నిజంగా అంచనా వేయాలనుకునేవాళ్లకు దారి లేదా అంటే, ఉంది. అది ఉచితం, అందుకే గౌరవం లేదు. రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లకు రాసే ఈఏపీసెట్‌లో ర్యాంకు లెక్కలో 75 శాతం పరీక్ష మార్కులకు, 25 శాతం ఇంటర్ మార్కులకు. సీట్లలో 85 శాతం స్థానికులవి, మన అనంతపురం శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తుంది. ఏ కాలేజీలో ఏ బ్రాంచి, ఏ కేటగిరీలో చివరికి ఎంత ర్యాంకుకు దక్కిందో పాత ఏళ్ల పట్టికలు ఉంటాయి. నెట్ సెంటర్లో కూర్చుంటే గంట పని. కానీ ఆ పట్టిక ఇంటికొచ్చి "అన్నా" అని పిలవదు.

పక్కనే అనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పుట్టింది 1946లో, ఇవాళ్టి జేఎన్‌టీయూ కాలేజీ అదే. సొంత మండలంలోనే, జంతలూరులో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలని అరుగు మీద ఎవరూ చెప్పరు. దాని తరఫున పీఆర్వో తిరగడు మరి. ఊళ్లోకొచ్చిన విశ్వవిద్యాలయాన్ని వదిలి పిల్లోణ్ని విజయవాడ హాస్టల్‌కి పంపితేనే నాయన పరువు నిలుస్తుంది. చెరువు కట్ట నిలవడానికి ముసలమ్మ బలైందని చెప్పుకునే ఊరిది. అప్పుడు కట్టయినా నిలిచిందంటారు.

ర్యాంకు గ్యారంటీ అని కోచింగ్ సంస్థలు ప్రకటనలు వేయకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. బాగుంది. పేపర్లో వేస్తే పట్టుకుంటారు, అరుగు మీద కాఫీ తాగుతూ నోటితో అంటే పట్టుకునేదెవరు?

రైతు ఒక్కసారి విత్తనాల అంగట్లో మాదిరి అడిగాడనుకోండి: "సార్, పోయినేడు ఎంతమంది చేరిరి? అందర్లో ఎంతమందికి సీటొచ్చె? మా ఊరోళ్లు ఇద్దరి నంబర్లు ఇయ్యి, మాట్లాడతా."

పీఆర్వో గడియారం చూసుకుంటాడు. "అట్లడిగితే ఎట్లన్నా? సీట్లు అయిపోతాండాయి."