వలగుండు కాబోయిన నాణెం

నేను సీసపు నాణేన్ని. బంగారాన్నయితే పాతిపెట్టుకునేవారు, నన్నెవరు దాస్తారు? మోటుపల్లి ఇసుకలోంచి బయటపడి, వాడరేవు నుంచి వేటకెళ్లే ఒకాయన వెంట పేరాల చేరాను. నాతోపాటు దొరికిన తమ్ముళ్లు కరిగి వలకి గుండ్లయ్యారు. సీసం తేలిగ్గా కరుగుతుంది, బరువుగా మునుగుతుంది. ఆయన్ని తప్పుపట్టలేను.

నా వంతు వచ్చేసరికి ఆయన కూతురు అడ్డం పడింది.

"నాన్నా, దీనిమీద పడవుంది. రెండు తెరచాప కొయ్యలు!"

"ఏదీ... అవునే! పెద్ద సముద్రానికి పోయే పడవే ఇది."

వాళ్లమ్మ చింతపండుతో తోమబోయింది. ఇత్తడికి పులుపు మెరుపు, సీసానికి మాత్రం చేటు. పిల్ల నన్ను లాక్కుని బడికి పట్టుకుపోయింది.

మాస్టారు నన్ను కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో తిప్పారు. వెనకవైపు అడ్డంగా నిలువుగా రెండు గీతలు, నాలుగు కొసల్లో నాలుగు వలయాలు: ఉజ్జయిని గుర్తు. అంటే శాతవాహనుల సొత్తు. ముందువైపు అంచున సగం తెగిన బ్రాహ్మీ అక్షరాలు. నాణేలు కొట్టేవాళ్లకు అచ్చు పెద్దది, సీసం బిళ్ల చిన్నది. రాజుగారి పేరు ఎప్పుడూ బయటికి జారిపోయేది!

ఆ అక్షరాలు చదవగలిగారంటే అప్పు గ్రీకులకే తీర్చాలి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో బాక్ట్రియా ఏలిన గ్రీకు రాజు అగథోక్లీస్ తన నాణేలపై ఒకవైపు గ్రీకులో, మరోవైపు బ్రాహ్మిలో పేరు వేయించాడు. తెలిసిన లిపి పక్కన తెలియని లిపి! వాటి ఆధారంతోనే 1836లో లాసెన్ అనే పండితుడు కొన్ని బ్రాహ్మీ అక్షరాలు గుర్తుపట్టాడు. మరుసటి ఏడాది ప్రిన్సెప్ అనే మరో పండితుడు మిగతావి విప్పాడు. 1908లో రాప్సన్ వేసిన ఆంధ్ర నాణేల పట్టికలో మా పడవ జాతికీ చోటు దొరికింది. గాంధార దేశపు దారుల్లో తిరిగిన కంచు బిళ్లలు లేకపోతే, కోస్తా ఇసుకలో నేను మూగగానే ఉండేదాన్ని.

మాస్టారు కవరు మీద 'సీసం, పడవ, పుళుమావి?' అని రాశారు. మిగిలిన అక్షరాలు శాతవాహన రాజు పుళుమావి పేరులోని 'పుళు' వరకే స్పష్టంగా కనిపిస్తున్నాయి మరి. ఆ వంశానికే చెందిన మరో రాజు యజ్ఞశ్రీ కాలానికి చెందినవంటూ చెప్పే పడవ నాణేలూ ఉన్నాయి. ఆ ప్రశ్నార్థకం నాకు నచ్చింది. తొందరపడి రాజును అంటగట్టేవాళ్లకంటే ఈయన నయం.

తర్వాత పిల్ల తండ్రి కూడా బడికి వచ్చాక 1878 నాటి నిధి చట్టం మాటొచ్చింది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలట.

"దీని సీసం పది రూపాయలు చేస్తుందా, మాస్టారూ?" అన్నాడు తండ్రి.

మాస్టారు నవ్వి, అర్జీ రాయడానికి తెల్లకాగితం తీశారు.