ట్యాంకు నిండా పొరుగు రాష్ట్రం

పామర్రు నాలుగు రోడ్ల సెంటర్లో నిలబడితే దేశమంతటికీ దారి ఇక్కడే ఉందనిపిస్తుంది. బందరు నుంచి బెజవాడ, హైదరాబాదు మీదుగా పుణె దాకా పోయే 65వ నంబరు హైవే ఇదే. గుడివాడ, భీమవరం వైపు 165 ఇక్కడే మొదలు. లారీని మాత్రం రోడ్డును చూసి పోనివ్వరు, కాగితం చూసి పోనిస్తారు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2015 మార్చి 31 అర్ధరాత్రి దాటగానే తెలంగాణ మన బళ్ల మీద పన్ను మొదలెట్టింది. మనం ఊరుకుంటామా? వాళ్ల బళ్ల మీద మనమూ వేశాం. ఏడాదికోసారి ఫీజు కట్టించుకుని, ఒకరి పర్మిటు మరొకరి దగ్గర చెల్లేలా కౌంటర్ సిగ్నేచర్ ఇవ్వండని లారీ యజమానులు ఏళ్ల తరబడి రెండు ప్రభుత్వాల గడపా తొక్కుతున్నారు. చెన్నై పోవడానికి ఉన్న ఆ వసతి కోదాడ పోవడానికి లేకపోయింది.

నేషనల్ పర్మిట్ తీసుకోవచ్చుగా అంటారు. ఏడాదికి 16,500 కడితే సరి. కాకపోతే మామూలు లారీకి 12 ఏళ్లు దాటితే అది ఇవ్వరు. మిల్లుల ముందు ధాన్యం బస్తాలతో నిలబడ్డ బళ్ల వయసు ఒకసారి అడిగి చూడండి.

ఇక డీజిల్. వ్యాట్ 22.25 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి, ఆ రూపాయి మీద మళ్లీ వ్యాట్. గుంతలో పడ్డవాడి దగ్గర రోడ్డు డబ్బులు వసూలు చేసి, ఆ వసూలు మీద కూడా పన్ను వేయాలన్న ఆలోచన ఎవరిదో గానీ, సన్మానం చేయాలి.

"బాబాయ్, ట్యాంకు ఫుల్లు చేయించనా?"

"పిచ్చా ఏంట్రా? బోర్డరు దాటేంత పోయించు. మిగతాది కర్ణాటకలో చూసుకుందాం."

అంటే అరిగేది మన రోడ్డు, పన్ను బెంగళూరుకి. ఎటూ పోలేని గుడివాడ మిల్లు బండి మాత్రం మొత్తం ఇక్కడే కక్కాలి. గోదావరి వాళ్లకైనా యానాం ఉంది. పుదుచ్చేరి రేటు! బందరు పరాసుపేటలోనూ ఫ్రెంచివాళ్లకు కాస్త చోటుండేది, 1947లోనే తొందరపడి ఇచ్చేసి వెళ్లిపోయారు. ఉంచుకుని ఉంటే మనకీ ఒక బంకు దక్కేది.

అమెరికాలో 48 రాష్ట్రాలు, కెనడాలో 10 ప్రావిన్సులు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. డీజిల్ ఎక్కడ పోయించినా ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగితే పన్ను ఆ రాష్ట్రానికి చేరుతుంది. మూడు నెలలకొక లెక్క, బళ్లెన్ని ఉన్నా యజమానికి ఒకటే లైసెన్సు. అక్కడ 58 సర్కార్లకు కుదిరింది, ఇక్కడ ఒకే భాష మాట్లాడే రెండింటికి కుదరలేదు.

జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది. డీజిల్ దాని కిందికి ఎప్పుడు రావాలో కౌన్సిల్ తేదీ చెప్పాలని రాజ్యాంగంలోనే రాశారు. ఆ తేదీ ఇంతవరకూ చెప్పలేదు.