ఆయ్, తగ్గిస్తామండి!

మనిషి ప్రవర్తన మార్చడంలో మా ద్రాక్షారామానికున్న అనుభవం ఇంకే ఊరికీ లేదు. దక్షుడు యాగం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. అల్లుణ్ణి పిలవకుండా పందిరి వేసిన ఆ మామగారికి ఎవరూ కౌన్సెలింగ్ ఇవ్వలేదు, రోజుకో మెసేజీ పెట్టలేదు. తల తీసేసి మేకతల పెట్టారు. లేస్తూనే శివుణ్ణి స్తోత్రం చేశాడు. ఒక్క సిట్టింగులో పూర్తి నయం! ఇప్పుడు ఆరోగ్య చాట్‌బాట్లు తయారుచేసే దొరలు, తల జోలికి పోకుండానే అంత పనీ ఫోన్లోంచి చేసేస్తామంటున్నారు.

వాళ్ల శాస్త్రం మర్యాదైనది. రోగిని తిట్టకూడదట, మెచ్చుకోవాలట, చిన్న చిన్న లక్ష్యాలు పెట్టాలట. సరే, అలాంటి యంత్రమొకటి మా వీధిలో దిగిందనుకోండి.

"నమస్కారమండి! ఈ రోజు ఉప్పు ఎంత తిన్నారండి?"

"ఆవకాయలో ఎంతుంటే అంతేనండి."

"చాలా బాగా చెప్పారండి! రేపు ఒక ముక్క తగ్గిద్దామాండి?"

"ఆయ్, తగ్గిస్తామండి."

"అద్భుతం! మీకో నక్షత్రం!"

అంతే. జాడీకి తెలియకుండా ఒకాయన ఆరోగ్యవంతుడైపోయాడు. నక్షత్రం డ్యాష్‌బోర్డు ఎక్కింది, డ్యాష్‌బోర్డు అమరావతి వెళ్లింది. డాక్టరుగారి ముందు ఆయ్ అనకపోతే అమర్యాద, బయటికొచ్చి కాజా తినకపోతే తాపేశ్వరానికి అవమానం. ఈ రెండు ధర్మాల మధ్య బతికే జనం మేము. అడిగినదానికల్లా ఒప్పుకునేవాడు, ఒప్పుకున్నదానికల్లా చప్పట్లు కొట్టే యంత్రం: ఇంతకంటే ఈడూజోడూ కుదురుతుందా?

జబ్బు లేదని కాదు. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు చావుల లెక్క తీస్తే, అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెటూరివాణ్ణి జ్వరాలూ విరేచనాలే తీసుకుపోతాయనుకున్న పట్నం లెక్క అప్పుడే తప్పింది. తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవాళ్లు పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎవరికుందో ఇంటింటా లెక్క కట్టించారు. 2019లో ఫలితం అచ్చయింది. ముప్పున్నవాళ్లు దొరికారు, బీపీ మాత్రం దారికి రాలేదు. ఉన్నదున్నట్టు రాసినందుకు వాళ్లకో దండం పెట్టాలి. ఆశా అంటే వరసకు అక్కో, వదినో అయ్యే మనిషి. ఆమె గుమ్మంలో నిలబడి చెప్పినా దిగని బీపీ, మొహం లేని మెసేజీకి జడిసి దిగుతుందా?

అసలు ఆ మెసేజీ ఏమడుగుతుందో చూడండి. మాత్ర ఎందుకు వేసుకోలేదండి? మర్చిపోతే ఒకటి నొక్కండి. బద్ధకమైతే రెండు. భయమైతే మూడు. ఆసుపత్రిలో మాత్రలు అయిపోయాయన్నవాడు ఏది నొక్కాలి? వరికోతల్లో రోజు కూలి పోగొట్టుకుని వెళ్తే డాక్టరుగారి కుర్చీ ఖాళీగా ఉందన్నవాడు? వాళ్లకి మీట లేదు. మీటలన్నీ రోగి తప్పులకే. బద్ధకం నొక్కి బయటపడతాడు పాపం. మర్నాడు ప్రభుత్వ నివేదికలో ఫలానా మండలం జనానికి బద్ధకం ఎక్కువని తేలుతుంది.

మనకే ఇలా జరుగుతుందని దిగులు పడనక్కర్లేదు. అమెరికాలో తిండి రుగ్మతలవాళ్ల జాతీయ సంఘం 2023లో మనుషులు నడిపే హెల్ప్‌లైన్ మూసేస్తున్నామంది. అప్పటికే టెస్సా అనే చాట్‌బాట్ వాళ్ల దగ్గరుంది. తిండంటేనే వణికిపోయేవాళ్ల కోసం పెట్టిన ఆ టెస్సా, కేలరీలు తగ్గించుకోండి, బరువు తగ్గుతారు అని హితబోధ మొదలుపెట్టింది. గోలయ్యేసరికి దాన్నీ దించేశారు. రెంటికీ చెడ్డ రేవడి.

యంత్రం వద్దని నేననను. ఎంతసేపైనా విసుక్కోకుండా అడుగుతుంది, ఆ గుణం మనుషుల్లో లేదు. అంత ఓపికున్నదాన్ని బీపీ ముసలాడి మీదికి తోలడమెందుకు? పైకి తిప్పండి. తెల్లారి ఆరింటికి మందులు సరఫరా చేసే అధికారికి ఫోన్ చెయ్యాలి. "నమస్కారమండి! బీపీ మాత్రలు ఎన్నాళ్లకి సరిపడా ఉన్నాయండి? చాలా బాగా చెప్పారండి! రేపు ఒక్క పెట్టె పంపుదామాండి?" డాక్టర్ల ఖాళీలు నింపాల్సిన వారికీ అదే వరస. పంపకపోతే మర్చిపోయారా, ఒకటి నొక్కండి. బద్ధకమా, రెండు. వాళ్లకి మాత్రం నాలుగో మీట కూడా పెట్టాలి: నిధులు రాలేదు. అది నొక్కగానే కాల్ ఆర్థికశాఖకి బదిలీ అవ్వాలి.