సర్వరుకు ముహూర్తం

విజయవాడ సూర్యారావుపేటలో మా ఆడిటర్ గారి ఆఫీసు. అక్కడ సర్వరుకి ఉన్న మర్యాద పార్ట్‌నర్లకి కూడా లేదు. ఏటా ఆయుధ పూజకి తొలి బొట్టు దానికే. పసుపూ కుంకుమా ఎండి గాలాడే చిల్లుల్లో సగం పూడుకుపోయాయి, అయినా ఎవరూ తుడవరు. ప్లగ్గు పక్కన గోడకి ఓ కాగితం: "దీన్ని ఆపినవారి జీతం ఆపబడును." అది అంటించక ముందు ఊడ్చే మామ్మ రోజూ ఆ ప్లగ్గు పీకి తన సెల్లు చార్జింగు పెట్టుకునేది.

అంతటి దానికి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలన్నాను. ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2. విడిగా డబ్బు కట్టేవాళ్లకి తప్ప మిగతా వాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. ఆడిటర్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, "బానే నడుస్తోంది కదయ్యా?" అన్నారు. మన దేశంలో ఏ రిపేరునైనా పదేళ్లు వెనక్కి నెట్టగల మాట ఇది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా పేటకి నీళ్లు రాలేదు. నీళ్లు తీశాక ఆ వైపు నుంచి ఒక క్లయింటు వచ్చాడు. కొట్లో కంప్యూటరు పోయింది. "మా లెక్కలు తమ దగ్గరున్నాయిగా సార్?" అన్నాడు. "ఎందుకుండవూ, భద్రంగా ఉన్నాయి" అని ఆడిటర్ గారు ధైర్యం చెప్పి పంపించారు. అతను మెట్లు దిగాక నన్ను పిలిచి, గొంతు తగ్గించి, "ఉన్నాయా?" అన్నారు.

ఉన్నాయి, సర్వర్లో. సర్వరే పోతే? బీరువాలో హార్డ్‌డిస్కు ఉంది. ప్రతి శనివారం మా అటెండరు తేదీ వేసి మరీ బ్యాకప్ తీస్తాడు, రిజిస్టర్లో సంతకం కూడా పెడతాడు. తెరిచి చూస్తే ప్రతి తేదీ కిందా ఒకే ఫైలు, అదీ ఓ కేబీ సైజు. అసలు ఫోల్డరు బదులు డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ కాపీ చేస్తూ వచ్చాడు. పాపం, ఒక్క శనివారం కూడా నాగా పెట్టలేదు. ఆ సాయంత్రమే ఆడిటర్ గారు కొత్త మిషనుకి ఒప్పుకున్నారు.

హార్డ్‌వేర్ కుర్రాడొచ్చి, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో అయిపోద్ది" అన్నాడు. మౌసు పనిచెయ్యకపోయినా వాడు చెప్పేది ఇదే. పాతదాని మీదే కొత్తది ఎక్కిద్దామా అంటే, 2012 ఆర్2 నుంచి 2022కి నేరుగా వెళ్లనివ్వరు. మధ్యలో 2016కో 2019కో మారి, అక్కణ్ణుంచి మళ్లీ మారాలి. అందుకని పాతదాన్ని కదపకుండా పక్కనే కొత్తది పెట్టడానికి నిశ్చయించాం. ఇక లైసెన్సులు. మామూలు ఎడిషనైతే మిషనులో నాలుగు కోర్లే ఉన్నా కనీసం పదహారుకి కట్టాలి. అది కాక, సర్వరు వాడే ప్రతి మనిషికో ప్రతి సిస్టానికో వేరే లైసెన్సు. "మన ఇంట్లోకి మనం పోవడానికి టికెట్టా?" అని ఆడిటర్ గారు ఉడికిపోయారు. మిషనుతో కలిపి అమ్మే ఎసెన్షియల్స్ ఎడిషనుంది, 25 మందికీ 50 సిస్టాలకీ ఆ బెడద లేదు అనగానే శాంతించారు.

అసలు చిక్కు ఎవరు దేని మీద బతుకుతున్నారో రాసుకోవడంలో వచ్చింది. మా జెరాక్స్ మిషను స్కాన్ చేసిన కాగితాన్ని సర్వర్ ఫోల్డర్లో పడేస్తుంది, కానీ దానికి తెలిసిన భాష ఎస్ఎంబీ1 ఒక్కటే. పెద్ద గుమాస్తా గారి ఎక్స్‌పీ కంప్యూటరుదీ అదే భాష. ఆయన్ని అందరం బాబాయి గారంటాం. డాస్ కాలపు ఫాక్స్‌ప్రోలో రాయించిన ఫీజుల రిజిస్టరు అందులో నడుస్తుంది. కొత్త సర్వర్లు ఎస్ఎంబీ1ని వాటంతట అవి పెట్టుకోవు. "పెట్టించెయ్యవయ్యా, ఏం పోయింది?" అన్నారు బాబాయి గారు. 2017 మేలో వానాక్రై వైరస్ పాకింది సరిగ్గా ఆ దారినే, మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి అని చెప్పాను. "పోలీసులకేనా!" అని కాసేపు సంతోషించి, "అయినా నా రిజిస్టరు కదలదు" అని తేల్చేశారు. చివరికి జెరాక్సుని పెన్‌డ్రైవుకి మార్చాం. రిజిస్టరుని ఆయన కంప్యూటర్లోనే పెట్టి, నెట్‌వర్కు తీగ పీకేశాం. ఇక దానికి వైరస్ రావాలంటే ఆటో ఎక్కి రావాలి.

అన్నీ కుదిరాయి, రోజు కుదర్లేదు. ఆడిటర్ ఆఫీసులో నెలంటే 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. ఖాళీ దొరికిన చోట ఆడిటర్ గారు వెంకట్రామా క్యాలెండరు దించి అష్టమో నవమో చూపిస్తారు. సెప్టెంబరు 30తో ట్యాక్స్ ఆడిట్లు అయిపోతాయని మర్నాటికి అనుకుంటే గడువు అక్టోబరు 7కి పెంచారు. దసరాకి చేద్దామంటే, "పూజలో పెట్టిన దాన్ని విప్పుతావా?" అన్నారు. దీపావళి వెళ్లాక అంటే రిటర్నుల గడువు నవంబరు 15కి జరిగింది. గడువు పెంచితే ఊరంతా పండగ చేసుకుంటుంది, ఏడ్చేది నేనొక్కణ్ణే. డిసెంబరు సంగతి ఎత్తడానికే భయమేసింది: 15న అడ్వాన్స్ ట్యాక్స్, 31న జీఎస్టీ వార్షిక రిటర్ను.

మిగిలింది సంక్రాంతి. 2025 జనవరిలో జీఎస్టీఆర్-1 గడువు కూడా పెరిగి భోగి నాటికొచ్చింది, అంతకుమించి జరగలేదు. 15న కనుమ. పీఎఫ్ ఆ రోజే ఆఖరని తెలిసి 10కే కట్టించేశాను. "కనుమ నాడు కాకైనా కదలదంటారే" అని ఆడిటర్ గారు నసిగారు. కాకులూ ఆర్టికల్ పిల్లలూ కదలకపోతేనే కదండీ ఫైళ్లు కదిలేది అన్నాను. ఫోల్డర్లన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేసి, పాత పేరూ పాత ఐపీ అడ్రసూ దానికే పెట్టాను. అటెండరు బొట్టు పెట్టాకే స్విచ్చి వెయ్యనిచ్చాడు.

మర్నాడు ఎవరికీ తేడా తెలియలేదు. బాబాయి గారు మాత్రం, "సర్వరు మార్చిన దగ్గర్నుంచీ నా సిస్టం నెమ్మదించింది" అన్నారు, తీగ లేని కంప్యూటరు ముందు కూర్చుని.

మీ ఆఫీసులో 2016 సర్వరుంటే, దానికి మామూలు అప్‌డేట్లు 2027 జనవరి 12తో ఆఖరు. ఆ ఏడు కనుమ దాని తర్వాత వస్తుంది, కాబట్టి వేరే రోజు చూసుకోండి. ఏ రోజు పెట్టుకున్నా, ముందు బ్యాకప్ డిస్కు తీసి ఒక్క ఫైలు తెరిచి చూడండి.