వినడానికీ వర్క్‌షాపేనా!

మా రోజుల్లో పిల్లలు పెద్దల మాట వినాలి. అంతే. పెద్దలే పిల్లల మాట వినాలని ఎవరైనా అనుంటే ఊరంతా నవ్వేది. ఇప్పుడు మా కోడలి సెల్లుకు బడివాళ్లు కబురు పెట్టారు: పిల్లల మాట వినడమెలాగో తల్లిదండ్రులకు నేర్పిస్తారట, ఫీజు వేరే. చెవులు దేవుడు ఊరికే ఇచ్చాడు, వాడుకోవడానికి వీళ్లకు డబ్బు కట్టాలి!

వెళ్లొచ్చింది. సాయంత్రం మనవడు సంచీ పడేసి, "అమ్మా, ఇవాళ మా క్లాసులో ఒకడి లంచ్‌బాక్సు నిండా చీమలు..." అన్నాడో లేదో, ఎదురుగా కూర్చుని వాడి కళ్లలోకి చూస్తూ, "అప్పుడు నీకేమనిపించింది నాన్నా?" అంది. వాడు బిత్తరపోయాడు. వాడికేమీ అనిపించలేదు, చీమల సంగతి చెబుదామనుకున్నాడు, అంతే. ఆ చీమలు చివరికి ఏమయ్యాయో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

మా కాలం బంగారమని నేననను. లెక్క తప్పితే గోడకుర్చీ, ఎక్కం మరిచిపోతే తొడపాశం. ఎందుకు రాలేదురా అని అడిగిన మాస్టారు లేడు. ఇంట్లో నోరు విప్పితే, "ఎదురు చెబుతావా?" అని నాన్న ఉరిమేవాడు. బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. మంచిదే. మా వీపులకే ఆలస్యమైంది.

కానీ మాకో దారి ఉండేది. నాన్న వినకపోతే అమ్మమ్మ వినేది. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ, మా మొహం వైపు చూడనైనా చూడకుండా "ఊఁ... ఊఁ..." అనేది. సలహా లేదు, తీర్పు లేదు. ఆ ఊకొట్టడానికే పొరుగింటి జామకాయల దొంగతనం దగ్గర్నుంచీ అన్నీ కక్కేసేవాళ్లం. అమ్మమ్మ లేకపోతే అరుగు మీద ఎవరో ఒకరు. రేడియోలో కూడా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అదే మా రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాలానందం'లో పిల్లల చేతే మాట్లాడించేవారు, పాడించేవారు.

ఇప్పుడు అమ్మమ్మ వేరే ఊళ్లో, అరుగు కారు పార్కింగు కింద. "చెప్పు, వింటున్నా" అంటారు గానీ వేలు సెల్లు మీద జారుతూనే ఉంటుంది. బళ్లో టీచరమ్మకు వినాలని ఉన్నా సిలబస్ తరుముతుంటుంది.

సరే, వినడమంటే ఊకొట్టడమేనా? బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలి, వయసును బట్టి దానికి విలువివ్వాలి అంటుంది అందులో 12వ అధికరణం. పిజ్జానా, బర్గరా అని మాత్రం తప్పకుండా అడుగుతారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేటప్పుడు పిల్లల్ని అడిగినవాళ్లెవరు? ఇంటర్‌కి హాస్టల్లో దింపి వచ్చేటప్పుడు?

మా వీధిలోనే ఒక అమ్మాయి "నాకు ఎంపీసీ వద్దు నాన్నా" అంది. తండ్రి సెల్లు పక్కన పెట్టి, తలూపుతూ ఓపిగ్గా అంతా విన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఎంపీసీకి ఫీజు కట్టొచ్చాడు. దీనికన్నా మా నాన్నే నయం. వింటున్నట్టు నటించలేదు.