ఒగటి లోపలికి: ఒక మైదాన వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: బయటెయ్ రా, బయటెయ్, వాడు చెయ్యి చాపేదాంక బయటెయ్, చాపినాక ఒగటి లోపలికెయ్!

అవతారిక: కర్త ఎవరో తెలియని ఈ వాక్యం కడప జిల్లా కలమల్ల వంటి ఊళ్ళ బీళ్ళలో, ఎదుటి జట్టులో బాగా ఆడేవాడు కుదురుకున్న వేళ, మిడాఫ్‌లో నిలుచున్న కెప్టెను నోట వెలువడే జాతికి చెందినది. సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోడరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం, తెలుగులో ఇంతవరకు దొరికిన వాటిలో మొదటిదని పండితులు చెప్పేది, ఈ ఊరి గుడి ఆవరణలోనే దొరికింది కనుక ఇక్కడి మాటకు వ్యాఖ్యానం పుట్టడం వింత కాదు. ఆ శాసనంలో అక్షరాలు చెదిరి అర్థం చిక్కుపడింది, ఈ వాక్యంలో అక్షరాలన్నీ ఉండి చిక్కుపడింది.

ప్రతిపదార్థం: బయట = ఆఫ్‌స్టంపు పక్కన నాలుగో స్టంపు ఒకటి పాతి ఉందని ఊహించుకుంటే, ఆ లేని స్టంపు మీద; ఎయ్ = బంతిని వేయుము; రా = బౌలరును పిలిచే మాట, అతడు వయసులో పెద్దవాడైతే ఇది 'అన్నా' అవుతుంది గాని ఆజ్ఞలో తేడా రాదు; వాడు = ఔటు కాక విసిగిస్తున్న బ్యాటరు; చెయ్యి చాపేదాంక = కాలు కదపకుండా బ్యాటును ఒంటికి దూరంగా పోనిచ్చే వరకు; చాపినాక = ఆ అలవాటులో పడిన తరువాత; ఒగటి = ఒకే ఒకటి; లోపలికి = బ్యాటుకూ ప్యాడుకూ నడుమ తెరుచుకున్న సందులోకి; ఎయ్ = పైన చెప్పినదే. 'బయటెయ్' మూడుమార్లు రావడం పునరుక్తి దోషమని ఆక్షేపించేవారు, వికెట్టు తీసే బంతి ఒక్కటైనా దానికి ముందు పడవలసినవి అనేకమని, ఆ లెక్కను వాక్యమే పాటిస్తున్నదని గ్రహించాలి.

తాత్పర్యం: గట్టి బ్యాటరు తన లోపం దగ్గర దొరకడు, ఎందుకంటే దాన్ని అందరికంటే ముందు అతడే కనిపెట్టి కాపలా పెట్టుకుంటాడు, తనకు పరుగులు తెచ్చిపెట్టే దెబ్బ దగ్గరే ఏమరుపాటుగా ఉంటాడు కనుక, ఆ దెబ్బకే ఆశ చూపి, అది పడేచోట మనిషిని నిలిపి, ఓపిక పట్టాలని భావం.

విశేషం: 'బయట' అంటే ఎప్పుడూ ఆఫ్‌సైడేనా అన్నది వివాదాంశం. 2020 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలైన టెస్టు దీనికి ప్రమాణం. ఆస్ట్రేలియా బ్యాటరు స్టీవ్ స్మిత్ బంతి పడకముందే ఆఫ్‌స్టంపు వైపు జరిగి, అటు వేసిన బంతిని కూడా మణికట్టుతో లెగ్‌సైడుకు తిప్పి పరుగులు చేసేవాడు. ముందటి టెస్టులో అడిలైడ్‌లో 36 పరుగులకే కుప్పకూలిన భారత జట్టు, రహానే సారథ్యంలో, ఆ దెబ్బను అడ్డుకోవడానికి బదులు ఆడనిచ్చింది. వికెట్‌కీపరుకు కాస్త దూరంగా, లెగ్‌సైడున వెనక నిలబడే ఫీల్డరును లెగ్ గల్లీ అంటారు. అశ్విన్ బంతిని స్మిత్ అలవాటుగా తిప్పగా అక్కడ నిలిపిన పుజారా చేతిలో పడింది, స్మిత్ స్కోరు సున్నా. ఆ రోజే అరంగేట్రం చేసిన హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్‌కు తొలి టెస్టు వికెట్టు ఇదే దారిలో దక్కింది: 48 పరుగుల వద్ద లబుషేన్ కాళ్ళ మీదికి వచ్చిన బంతిని తిప్పాడు, లెగ్‌సైడున కాచుకొన్న శుభ్‌మన్ గిల్ పట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో స్మిత్ మళ్ళీ పక్కకు జరగగా, అతడి వెనక నుంచి దూసుకుపోయిన బుమ్రా బంతి లెగ్‌స్టంపు బెయిలును రాలగొట్టింది. కనుక 'బయట' అంటే దిక్కు కాదు, బ్యాటరుకు ఆశ ఎటు ఉంటే అదే బయట. స్మిత్ విషయంలో మూలాన్ని అద్దంలో చదువుకోవాలి. అయితే తరువాతి సిడ్నీ టెస్టులో అదే స్మిత్ 131 పరుగులు చేసి, ఏ బౌలరుకూ దక్కక జడేజా విసురుకు రనౌటయ్యాడు. ఈ వ్యాఖ్య ఆ ఇన్నింగ్స్‌ను చూడనట్టు నటించదు.

పూర్వపక్షం: వాడు అసలు చెయ్యే చాపకపోతే? 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ తెందుల్కర్, కవర్ డ్రైవ్ ఆడబోయి వరుసగా ఔటవుతున్నానని గుర్తించి, ఆ దెబ్బనే మానుకొని 436 బంతులాడి 241 పరుగులతో అజేయంగా మిగిలాడు. ఆస్ట్రేలియా బౌలర్లు బయట వేస్తూనే ఉన్నారు; 'చాపేదాంక'లోని 'దాంక' ఎంత దూరమో మూలకారుడు చెప్పలేదు. ఇక చాపినా ఔటు కానివాడు వేరే. 2001 మార్చి 14న ఈడెన్ గార్డెన్స్‌లో షేన్ వార్న్ లెగ్‌స్టంపు అవతలి గరుకునేలను ఆశగా చూపితే, లక్ష్మణ్ ముందుకొచ్చి ఒక బంతిని ఆఫ్‌సైడున కవర్‌కూ, అలాంటిదే మరొకదాన్ని లెగ్‌సైడున మిడ్‌వికెట్‌కూ పంపాడు. ద్రావిడ్‌తో కలిసి ఆ రోజంతా వికెట్టు పడనివ్వలేదు. ఆశపడిన దెబ్బ ఏవైపు పోతుందో తెలిస్తేనే గదా అక్కడ మనిషిని నిలిపేది. అట్టివాడి విషయంలో టీకాకారుడు మౌనం వహించడమే మర్యాద.

ప్రయోగం: మూలం పుట్టిన చోట దాన్ని పాటించడం కష్టం. టెస్టులో రోజుకు 90 ఓవర్లుంటాయి; ఊరి ఆరు ఓవర్ల టెన్నిస్ బంతి పందెంలో ఒక బౌలరుకు రెండు ఓవర్లు వస్తే గొప్ప. అందువల్ల ఇక్కడ 'దాంక' అన్న మాటకు మూడు బంతులని వ్యవహారార్థం చెప్పుకోవాలి; నాలుగోది లోపలికి వస్తుందని బౌలరుకు, కెప్టెనుకు, గట్టున కూర్చున్నవారికి తెలుసు, బ్యాటరుకు కూడా తెలుసు.