శ్రీ రోకలిబండ వంశోపాఖ్యానం

మిర్గం నాటి తొలివాన పడ్డదో లేదో, శ్రీరాంసాగర్ వెనుకజలాల మీది తడిగాలి నందిపేట పసుపు చేలలోకి వచ్చి యుద్ధభేరి మోగించింది. గట్ల కింద, మాగిన ఆకుచెత్తలో కొలువున్న రోకలిబండ మహారాజులు దండు కదిలించారు. రథాల్లేవు, గజాల్లేవు, ఉన్నదంతా కాల్బలమే. తొలి వలయం కాళ్లే లేని కిరీటధారి. వెనకనున్న మూడు వలయాలు ఒక్కో జతతో సరిపెట్టుకునే సామంతులు. ఐదో వలయం నుంచి రెండేసి జతలు. సహస్రపాదులని బిరుదైతే ఉంది గానీ, వెయ్యి నిజంగా దాటినట్టు లెక్క తేలింది 2021లోనే. పశ్చిమ ఆస్ట్రేలియా భూగర్భంలో దొరికిన ఆ 1306 కాళ్ల ధీర ఆడదే!

వాకిట్లో చీపురు లేచింది. మహారాజు తక్షణం చుట్ట చుట్టుకుని పద్మవ్యూహం పన్నాడు. పక్క రంధ్రాల నుంచి బెంజోక్వినోన్ అస్త్రం వదిలాడు. ముట్టుకున్న వేలికి మరక పడుతుంది. పసుపు ఉడకబెట్టే చేతులున్న ఊళ్లో ఆ మరకను లెక్కచేసేదెవరు?

ఇక వంశనిర్ణయం. గడ్డికప్పుల్లో కాపురముండే జెనోబోలస్ కార్నిఫెక్స్‌కు 1775లోనే ఫాబ్రిషియస్ నామకరణం చేశాడు. 1936లో కార్ల్ ఆటెమ్స్ భారతదేశపు రోకలిబండల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అయినా దాయాదులిద్దరు ఎదురుపడితే రంగు చూసి, పొడవు చూసి వీడెవడో చెప్పలేం. సారాయి సీసాలో పడ్డాక ఆ రంగూ వెలిసిపోతుంది. గుట్టంతా మగవాడి ఏడో వలయంలో ఉంది. అక్కడి ఎనిమిదో, తొమ్మిదో జతల కాళ్లు నడక మానేసి సంతానకార్యానికి పనిముట్లయ్యాయి. పండితుడు సూదితో వాటిని ఊడదీసి సూక్ష్మదర్శిని కింద పెడతాడు: ఒకదాని కొన కొక్కెంలా వంగి ఉంటుంది, ఇంకోదాని కొన చీలి ఉంటుంది. వెంట్రుకవాసి తేడా, రాజ్యాలు వేరు. కురుపాండవుల తగవు ఇంతకన్నా తేలిక, జెండాలైనా వేరు.

పిల్లలకు ఆ ఆయుధాలు మొలవనే మొలవవు. ఎన్నోసార్లు కుబుసం విడిచి పెద్దవాళ్లయ్యేదాకా ఏ వంశమో తేలదు. ఆడవాళ్లకు అసలే లేవు. అందుకే ఆమె దొరికిన కుప్పలోనే మగవాడూ దొరికితే అతడి ఇంటిపేరే ఆమెకు రాసేస్తారు. దొరక్కపోతే గోత్రం గల్లంతు. సీసా మీద ప్రశ్నార్థకం పెట్టి, వచ్చే మిర్గానికి మగవాణ్ణి వెతకాలి.